ముప్ఫై ఆరు గాజు సీసాలు

జూన్ 9

అత్తయ్యకు,

నమస్కారాలు. నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని నువ్వు రాసినా నేను నమ్మను. పోయినసారి నాకు క్షేమమని రాసి, అదే రోజు మీ అన్నయ్యకు, అంటే మా నాన్నకు, నీ మోకాలు వాచిందని రాశావు. మా ఇంట్లో ఎవరికొచ్చిన ఉత్తరమైనా అందరం చదువుతామని మర్చిపోతే ఎలా?

ఒక పని మీద రాస్తున్నాను. బళ్ళో ఈ ఏడు నాకు అయిదో తరగతి ఇచ్చారు. ముప్ఫై ఆరుగురు పిల్లలు. వాళ్ళకు నీళ్ళ గురించి చెప్పాలి. పుస్తకంలో ఉన్నది నాలుగు పేజీలు. నీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు, పొదుపుగా వాడవలెను. అంతే. మొదటి రోజు అది చదివిస్తుంటే మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచి, “రంగూ రుచీ వాసనా ఏవీ లేకపోతే మా ఇంటి నీళ్ళు మంచివో కావో మాకెలా తెలుస్తుంది టీచర్?” అంది. రేపు చెబుతానని పుస్తకం మూసేశాను. ఆ పిల్లను బళ్ళో అందరూ ‘ఎందుకమ్మ’ అంటారు. ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు ఆ రోజే తెలిసింది.

పెద్ద టీచరమ్మకు ఈసారి పెద్ద ఆలోచనే వచ్చింది. ఆగస్టు చివర పిల్లల చేత నీళ్ళ ప్రదర్శన పెట్టించాలట, తల్లిదండ్రులందరూ రావాలట. నాది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే కదా. ప్రదర్శన బాగా జరిగితే ఖాయం చేసే కాగితం మీద సంతకం పెడతానంది. జరక్కపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు ఈ ఉద్యోగం కావాలి అత్తయ్యా. మూడేళ్ళ నుంచి ప్రతి వేసవికీ తీసేస్తారేమోనని భయపడుతూ బతుకుతున్నాను.

నువ్వు ఈ ఊరి వాటర్ వర్క్స్ ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళు పనిచేశావు. నీకంటే ఎవరికి తెలుస్తుంది? పిల్లలు చేతులతో చేసే పనులేమైనా ఉంటే రాసి పంపు. ముఖ్య అతిథిగా వాటర్ వర్క్స్ పెద్ద ఇంజనీరుగారిని పిలుద్దామంటున్నారు. డిసెంబరులో రిటైరవుతారట. నీ కాలంలోనూ ఉండే ఉంటారు.

నీ కోడలు


జూన్ 20

కోడలు పిల్లకు,

ఆశీస్సులు. మోకాలు తగ్గింది. మీ నాన్నకు వేరే రాయడం లేదు, ఎలాగూ చదువుతాడు.

ఇక్కడ లాండ్రీలో పొద్దున ఏడింటికే ఆస్పత్రి దుప్పట్లు ఆవిరిలో పడతాయి. బాయిలరుకు పోయే నీళ్ళు ఎలా ఉన్నాయో చూడడం నా పని. ఒకప్పుడు ఊరంతా తాగే నీళ్ళు చూసినదాన్ని, ఇప్పుడు దుప్పట్లు తాగే నీళ్ళు చూస్తున్నాను. దుప్పట్లే నయం, విచారణలు పెట్టవు.

పుస్తకం పక్కన పెట్టు. బురదనీళ్ళు మూడు గ్లాసుల్లో పోయించు. ఒకటి కదపకుండా వదిలెయ్యండి. ఒక దానిలో పటిక తిప్పండి. ఒక దాన్ని ఇసకలోంచి వడకట్టండి. ఏది ముందు తేరుకుంటుందో పిల్లల్నే పందెం వెయ్యమను. తరవాత సబ్బు. బావి నీళ్ళు, కుళాయి నీళ్ళు, వాన నీళ్ళు, మూడు సీసాల్లో ఒకే ముక్క సబ్బు, ఒకే లెక్కన ఊపడం. నురగ ఎక్కడ వస్తుందో చూస్తే ఏ నీళ్ళలో సున్నం ఉందో వాళ్ళే చెబుతారు. చల్లటి గ్లాసు బయట చెమరిస్తే ఆ నీళ్ళు ఎక్కడివని అడుగు. గ్లాసు కారిందంటారు. అప్పుడు లోపల ఎర్రరంగు నీళ్ళు పోసి చూపించు. బయటి బొట్టు తెల్లగానే ఉంటే కారలేదన్నమాట, గాల్లోంచి వచ్చిందన్నమాట. నీళ్ళు దేనికి పనికొస్తాయంటే తాగడానికి, స్నానానికి అని వల్లె వేయించకు. ఒక రోజంతా వాళ్ళింట్లో ఎవరు దేనికి ఎన్ని చెంబులు వాడారో గీతలు గీసుకు రమ్మను. అమ్మ గీతలు ఎన్నో, నాన్న గీతలు ఎన్నో వాళ్ళకే తెలుస్తుంది.

రెండు మాటలు మాత్రం బోర్డు మీద రాసి చెరపకు. ఒక్కసారి చూసింది నమ్మొద్దు, మూడుసార్లు చూడాలి. తేడా వచ్చినప్పుడు ఇటూ అటూ మారినది ఒక్కటే అయి ఉండాలి. రెండు మారితే ఏది కారణమో బ్రహ్మక్కూడా తెలీదు.

ఇక మీ ముఖ్య అతిథి. ఉన్నాడు, నా కాలంలోనూ ఉన్నాడు. నేను ఉద్యోగం మానేశానని మీ ఇంట్లో చెప్పుకుంటారు. మానలేదు, తీసేశారు. ఆయన విచారణలో నిలబడి, “నేను పంపుల మనిషిని, ఏ సీసా ఏమిటో నాకేం తెలుసు” అని ప్రమాణం చేసి చెప్పాడు. ఆ ఒక్క మాటతో నా బతుకు నీళ్ళపాలైంది. ఇరవై రెండేళ్ళయింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఇప్పటికీ ఆ మాట వినిపిస్తే ముద్ద దిగదు.

ఆయన్నే పిలవండి. ఇంకెవర్నీ పిలవొద్దు.

అత్తయ్య


జూలై 5

అత్తయ్యా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి మా తరగతి గది తడిగానే ఉంది. ఆయా నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది. పటిక గ్లాసు మీద పందెం కాసినవాళ్ళు నలుగురే, మిగతా అందరూ ఇసక వైపు. పటిక గ్లాసు అడుగున బురద ముద్ద కట్టి పైనంతా తేటగా కనపడేసరికి అందరూ బల్లలెక్కారు. ఎందుకమ్మ మాత్రం, “తేటగా ఉంటే మంచివేనా? కనపడనివి ఉంటే?” అని మొదలుపెట్టింది. క్రిముల గురించీ, కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ గురించీ చెప్పాల్సి వచ్చింది. గీతల కాగితాలు చూసి ఇద్దరు నాన్నలు బడికొచ్చి పోట్లాడారు. వాళ్ళ గీతలు పిల్లలు ఎక్కువ గీశారట.

నువ్వు రాసిన ఉద్యోగం సంగతి అమ్మా నేనూ రెండుసార్లు చదివాం. నాకు అర్థమైనంత వరకు ల్యాబ్‌లో సీసాలు పోయాయని నీ మీద నింద వేశారు, ఆయన నీ తరఫున సాక్ష్యం చెప్పలేదు. అంతేనా? సీసాల కోసం ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తారా అని అమ్మ ఏడ్చింది. కానీ అలాంటి మనిషినే పిలవమని రాశావు చూడు, అది నీ పెద్ద మనసు. ఇరవై రెండేళ్ళ తరవాత ఎవరో ఒకరు ముందడుగు వెయ్యాలి. ఆ పని నువ్వు చేస్తున్నందుకు నాకు గర్వంగా ఉంది.

ప్రదర్శనలో ఆఖరున ప్రతి పిల్లా వాళ్ళింటి కుళాయి నీళ్ళు తెచ్చి క్లోరిన్ ఉందో లేదో పరీక్ష చేస్తే ఎలా ఉంటుంది? బిళ్ళ వేస్తే గులాబీ రంగు వస్తుందని ఎక్కడో చదివాను. ముప్ఫై ఆరు గులాబీ సీసాలు వరసగా ఉంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో. కానీ ఒకేలాంటి సీసాలు నాకెక్కడ దొరుకుతాయి?

నీ కోడలు


జూలై 16

కోడలు పిల్లకు,

ఆశీస్సులు. సీసాల సంగతి నువ్వనుకున్నట్టే అనుకో. పెద్ద మనసు అన్నావు, సరే, అదీ అలాగే అనుకో.

ఈ ఉత్తరంతో పాటు చెక్కపెట్టె పంపుతున్నాను. ముప్ఫై ఆరు గాజు సీసాలు, గాజు బిరడాలతో. మా లాండ్రీలో ఆస్పత్రి బట్టలు ఉతుకుతాం గనక నీళ్ళు పరీక్షకు పంపడానికి ఇలాంటివి ఉంచుతాం. మా యజమాని పిల్లల కోసమంటే కాదనలేదు. బిళ్ళలు వేరే డబ్బాలో ఉన్నాయి. సీసాకు ఒకటి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. సీసాలు కడగొద్దు. నేను శుభ్రం చేసే పంపాను, మళ్ళీ కడిగితే మీ చేతి మురికి అంటుతుంది. ప్రదర్శన రోజు పొద్దున పిల్లలకిచ్చి ఇంటి కుళాయి నీళ్ళు పట్టుకు రమ్మను. ముందుగా చేసి చూడొద్దు. ముందే చూసేస్తే పిల్లల మొహాల్లో ఆ ఆశ్చర్యం ఉండదు. బిళ్ళలు అందరూ ఒక్కసారే వెయ్యాలి, ముఖ్య అతిథి ఎదురుగా వెయ్యాలి. ఆయన్ని ముందు వరసలో మధ్య కుర్చీలో కూచోబెట్టు. తల్లిదండ్రులు ఆయన వెనక ఉండాలి, ఆయనకు పారిపోయే దారి ఉండకూడదు. నవ్వులాటకు అంటున్నానులే.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మా అమ్మ అనేది. అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

అత్తయ్య


ఆగస్టు 2

అత్తయ్యా,

పెట్టె అందింది. ఒక్క సీసా పగల్లేదు. దుప్పటి ముక్కల్లో చుట్టి పంపావు, ఆ ముక్కల కోసం పిల్లలు కొట్టుకున్నారు.

పెద్ద టీచరమ్మ, నేను వాటర్ వర్క్స్‌కు వెళ్ళి ఇంజనీరుగారిని పిలిచి వచ్చాం. ఆఫీసు గదిలో గోడ నిండా పైపుల పటాలు, బల్ల మీద ఇత్తడి కుళాయి. తెల్లచొక్కా, నెమ్మదైన మాట. నేను నీ మేనకోడల్నని చెప్పాను. పేపరు వెయిటు తిప్పుతూ, “మీ అత్తయ్యగారు బాగున్నారా? చాలా తెలివైన మనిషి. ఆ రోజుల్లో అలా జరక్కుండా ఉండాల్సింది” అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైనట్టే అనిపించింది. నాకైతే ఆయన మీద కోపం రాలేదు. నువ్వు కూడా ఆ రోజుకు వస్తే బాగుండునని ఆయనతో అన్నాను. తప్పకుండా రమ్మనమన్నారు. రావూ?

నా కాగితం పెద్ద టీచరమ్మ బల్ల సొరుగులో ఉంది. తెరిచినప్పుడు చూశాను. సంతకం చోటు ఖాళీగా ఉంది.

నీ కోడలు


ఆగస్టు 8

కోడలా,

రాను.

“అలా జరక్కుండా ఉండాల్సింది” అన్నాడా? పిడుగు పడ్డట్టు, వాన వచ్చినట్టు, దానంతటది జరిగిందా? నీతో తియ్యగా మాట్లాడాడని నాకు రాస్తావా? ఆయన తియ్యగా మాట్లాడతాడనే గదా నా మాట ఎవరూ నమ్మలేదు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టే మనిషి.

చెప్పినవన్నీ చెప్పినట్టు చెయ్యి. సీసాలు కడగొద్దు. మధ్య కుర్చీ.

అత్తయ్య


ఆగస్టు 26

అత్తయ్యా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. చివరిదాకా చదివి నేనడిగిన దానికి జవాబు రాయి.

మొన్న శనివారం పొద్దున హాలంతా నిండిపోయింది. నూట యాభై మంది ఉంటారు. పటిక, సబ్బు నురగ, చెమర్చిన గ్లాసు, అన్నీ పిల్లలు బాగా చెప్పారు. ఇంజనీరుగారు మధ్య కుర్చీలో కూచుని చప్పట్లు కొట్టారు. ఆఖరున పొడుగు బల్ల మీద సీసాలు వరసగా పెట్టాం. నేను ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. అందరూ ఒక్కసారే బిళ్ళలు వేశారు.

ఒక్క సీసాలోనూ రంగు రాలేదు.

పిల్లలు ఊపారు. నేను ఊపాను. తెల్లగానే ఉన్నాయి. వెనకనుంచి ఎవరో, “అంటే మనం తాగే నీళ్ళలో మందు కలపట్లేదా?” అన్నారు. ఒకావిడ కొడుకు చేతిలోంచి మంచినీళ్ళ సీసా లాక్కుని కిటికీలోంచి పారబోసింది. కుర్చీలు జరిగాయి. ఒకాయన ఇంజనీరుగారి దగ్గరికొచ్చి వేలు చూపించి అరిచాడు. పెద్ద టీచరమ్మ కుర్చీలోంచి లేచి నా వైపు చూసింది.

అప్పుడు ఎందుకమ్మ బల్ల చివరనుంచి, “నాది వచ్చింది టీచర్” అంది. దాని ముందున్నది నీ సీసా కాదు. పొద్దున ఇంటికెళ్ళే దారిలో దాని సీసా పడి పగిలిందట. తిడతానని భయపడి ఎవరికీ చెప్పకుండా ఇంట్లో ఉన్న చిన్న పచ్చడి సీసా కడుక్కుని అందులో పట్టుకొచ్చింది. అది చక్కటి గులాబీ రంగులో ఉంది. దాని పక్కింటి పిల్లది నీ సీసా, అది తెల్లగా ఉంది. “మా ఇద్దరిదీ ఒకటే కుళాయి. బిళ్ళా ఒకటే. మారింది సీసా ఒక్కటే టీచర్” అంది. బోర్డు మీద నీ మాటలు ఇంకా చెరపలేదు.

ఇంజనీరుగారు లేచారు. ఒక సీసా బిరడా తీసి, నీళ్ళు వంపి, వెలుతురుకు పట్టి చూసి నవ్వారు. “భయపడకండి. నీళ్ళు మంచివే. ఇవి క్రిములు చూసే సీసాలు. కుళాయిలో క్రిములున్నాయో లేదో చూడాలంటే నీళ్ళు ల్యాబ్‌కు పంపుతాం. నీళ్ళలో క్లోరిన్ ఉంటే క్రిములు దారిలోనే చచ్చిపోతాయి, మనకు నిజం తెలీదు. అందుకని సీసాలో ముందే చిటికెడు హైపో పొడి వేస్తారు. అది క్లోరిన్‌ని విరిచేస్తుంది. ఇందులో పట్టిన నీళ్ళకు రంగు ఎప్పటికీ రాదు. వీటికి గుర్తుగా బిరడా మీద కాగితం టోపీ కట్టి ఉంచుతారు. అది తీసేస్తే మామూలు సీసాకూ దీనికీ తేడా ఎవరికీ తెలీదు” అన్నారు. రెండు సీసాలు మూడేసిసార్లు కడిగించి, మళ్ళీ బడి కుళాయి నీళ్ళు పట్టించి, బిళ్ళలు వేయించారు. రెండూ గులాబీ రంగుకొచ్చాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు ఎందుకమ్మ అడిగింది. “మీకిది ఎప్పటినుంచి తెలుసు సార్?”

ఆయన దాని తల నిమిరి, “ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పారు తల్లీ. మా పనిలో ఇది ఓనమాలు” అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నువ్వు రాసిన ఆయన ప్రమాణం గుర్తొచ్చింది. ఏ సీసా ఏమిటో నాకేం తెలుసు అన్నది ఈయనేనా? నీ విషయంలో ఏం జరిగిందో అప్పుడు నాకు సగం అర్థమైంది. సీసాలు పోవడం కాదు కదా?

పెద్ద టీచరమ్మకు అదంతా తెలీదు. నేను ఆయన్ని అవమానించడానికే ఈ సీసాలు తెప్పించానని ఆవిడ అనుమానం. మా అత్తకూ ఆయనకూ పాత గొడవ ఉందని ఎవరో చెప్పారు. సెప్టెంబరు పదిహేనులోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మంది. నా కాగితం సొరుగులోంచి తీసి బీరువాలో పెట్టేసింది.

అత్తయ్యా, పొరపాటున టోపీలు ఊడిపోయాయని ఒక్క ముక్క రాయి చాలు. ఊడిపోయాయి కదూ?

నీ కోడలు


ఆగస్టు 31

నా బంగారు కోడలా,

అన్నాడా? మొదటి వారంలోనే అన్నాడా? నూట యాభై మంది ముందా? నీ ఉత్తరం పట్టుకుని లాండ్రీలో నలుగురికి చదివి వినిపించాను. ఇస్త్రీ చేసే ముసలాయన, “మీరు నవ్వడం ఇదే చూడ్డం” అన్నాడు.

ఇప్పుడు మొత్తం చెబుతాను. ఆయన క్లోరిన్ సిలిండరు అయిపోయినా మూడు రోజులు మార్చలేదు. నేను రిజిస్టర్లో మూడు రోజులూ సున్నా అని రాశాను. దిద్దమన్నాడు, దిద్దలేదు. నెల తరవాత పైనుంచి తనిఖీ అధికారి వచ్చాడు. ఆ పొద్దున నేను స్వయంగా చూసి క్లోరిన్ ఉందని రాశాను. అధికారి ముందు పరీక్షకు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది మన పెద్దమనిషి. ఆరు సీసాలు. ఒక్కదానిలోనూ రంగు రాలేదు. నేను చూడకుండానే రాస్తున్నానన్నారు. సాయంత్రం చెత్తబుట్టలో ఆరు కాగితం టోపీలు దొరికాయి. విచారణలో చూపించాను. ఆయన ఆ ప్రమాణం చేశాడు. విచారణ చేసినవాళ్ళు, పంపుల మనిషికి సీసాల తేడా ఎలా తెలుస్తుంది, ల్యాబ్‌లో సీసాలు నీ బాధ్యత, పొరపాటైతే నీది, అబద్ధమైతే నీది అన్నారు. అబద్ధాల రిజిస్టరు రాసిందన్న మాట నెత్తిన పెట్టుకుని ఊరు వదిలాను.

ఆయనకు తెలుసని రుజువు లేకనే ఇరవై రెండేళ్ళు ఉడికిపోయాను. ఇప్పుడు ఎవరూ గుమ్మడికాయ మాట ఎత్తకుండానే భుజాలు తడుముకున్నాడు.

టోపీలు ఊడిపోయాయా అని అడిగావు. ఊడలేదు. నేనే తీశాను. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ వెళ్ళాక స్టోరు గదిలో కూచుని ముప్ఫై ఆరు టోపీలూ ఒక్కొక్కటే దారం కత్తిరించి తీశాను. ఒక్కొక్కటి తీస్తుంటే కడుపులో ఎంత చల్లగా ఉందో నీకు చెప్పలేను. ముల్లును ముల్లుతోనే తియ్యాలి. ఆయన ఊరి ముందు తలదించుకుంటాడనుకున్నాను, అంతకంటే మంచిదే దొరికింది.

ఆలస్యం చెయ్యకు. ఆయన ఆ మాట అనగా విన్నవాళ్ళ దగ్గర సంతకాలు తీసుకో. పెద్ద టీచరమ్మది ముఖ్యం. శాఖకు అర్జీ పెడతాను. డిసెంబరులో పూలదండ వేయించుకుని ఇంటికి పోదామనుకుంటున్నాడు. పోనివ్వను.

అత్తయ్య


సెప్టెంబరు 6

అత్తయ్యకు,

నీ ఉత్తరం అమ్మానాన్నలకు చూపించలేదు. మా ఇంట్లో నేను దాచిన మొదటి ఉత్తరం ఇది.

నీకు అన్యాయం జరిగింది. నమ్ముతున్నాను. ఆయన చేసింది నీచమైన పని. ఆ రోజు ఆయన అన్న మాట తారీఖుతో సహా రాసి, సంతకం పెట్టి ఇందులో ఉంచాను. ఎక్కడ కావాలంటే అక్కడ చూపించుకో, నేను వచ్చి చెబుతాను. పెద్ద టీచరమ్మను మాత్రం సంతకం అడగలేను, ఆవిడ ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు.

ఇక నా మాట. నా ఉద్యోగం ఖాయం కాలేదని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. మళ్ళీ రాశాను. సంతకం చోటు ఖాళీగా ఉందని రాశాను. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చూశాను, దాని గురించి ఒక్క ముక్క లేదు. ఆ సీసాలు బల్ల మీద పెట్టింది ఎవరి చేతులనుకున్నావు? నావి. తప్పు సీసాలు బల్ల మీదికొస్తే ఎవరి నెత్తిన పడుతుందో ఈ లోకంలో నీకంటే బాగా ఎవరికి తెలుసు? ఆయన నీకు చేసిందే నువ్వు నాకు చేశావు. ఆయన పగవాడికి చేశాడు. నువ్వు అన్న కూతురికి చేశావు.

ఎందుకమ్మ రెండు రోజులు నా చుట్టూ తిరిగి నిన్న అడిగింది. “మీ అత్తయ్యకు అన్నీ తెలుసన్నారు కదా టీచర్, ఆ సీసాల సంగతి తెలీదా?” తెలీదు, పొరపాటు పడిందని చెప్పాను. అది నమ్మింది. ఎవరు ఏం చెప్పినా మూడుసార్లు అడిగే పిల్ల, నేను చెప్పింది ఒక్కసారికే నమ్మింది. ఆ పాఠాలన్నీ నువ్వే చెప్పావు కదా, పిల్లలకు చెప్పిన మొదటి అబద్ధం కూడా నీ వల్లే చెప్పాను. ఆయన కనీసం సీసా ఎలా కడగాలో వాళ్ళకు నేర్పి వెళ్ళాడు.

నీ ఉత్తరం పెద్ద టీచరమ్మకు చూపిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది, నీ అర్జీ పోతుంది. చూపించను. సంజాయిషీలో నాకు తెలీదని మాత్రమే రాస్తాను. నమ్మితే నమ్ముతుంది.

కోడలు


సెప్టెంబరు 11

కోడలా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు నీ మీద కోపం వచ్చింది. రెండో రోజు నీ మొదటి ఉత్తరం వెతికి చదివాను. భయపడుతూ బతుకుతున్నానని రాశావు. ఆ ముక్క నేను జూన్‌లో చదివే ఉంటాను. నాకు గుర్తు లేదు. దాని కింద వాటర్ వర్క్స్ పెద్ద ఇంజనీరు అన్న మాట మాత్రం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపించగలను.

మీ పెద్ద టీచరమ్మకు నిన్న ఉత్తరం పంపాను. నీకు నకలు రాస్తున్నాను:

“అమ్మా, మీ బడికి ముప్ఫై ఆరు సీసాలు పంపినది నేను. అవి క్రిమి పరీక్ష సీసాలని తెలిసే పంపాను. గుర్తు తెలియకూడదని కాగితం టోపీలు నా చేత్తో తీసేశాను. కడగొద్దని, ముందుగా చేసి చూడొద్దని మీ టీచరుకు రాసినదీ నేనే. ఆమెకు ఏమీ తెలియదు. మీ ముఖ్య అతిథిని పదిమందిలో తలవంపులు చెయ్యాలని ఈ పని చేశాను. మీ ఊరి నీళ్ళలో ఏ లోపమూ లేదు. ఈ సంగతి పిల్లలకు కూడా చెప్పండి, మీ టీచరు నోటితోనే చెప్పించండి.”

రిజిస్టరు పోస్టులో పంపాను. పదిహేనులోగా అందుతుంది.

నీ సాక్ష్యం కాగితం తిప్పి పంపుతున్నాను. చింపేద్దామనుకున్నాను గానీ చేతులు రాలేదు. నాకిక అది పనికి రాదు. శాఖవాళ్ళు అర్జీ విచారించాలంటే ముందు మీ బడికే వస్తారు, ఆ ఉత్తరం చూస్తారు. టోపీలు తీసే అలవాటు ఎవరికుందో నా చేతిరాతలోనే దొరుకుతుంది. ఇరవై రెండేళ్ళ కిందట తీసింది కూడా నేనే అంటారు. అనరా? నేనైనా అదే అంటాను. ఆయన డిసెంబరులో దండ వేయించుకుని ఇంటికి పోతాడు.

క్షమించాననుకోకు. క్షమించలేదు. ఆయన చచ్చిపోయాడని కబురొస్తే ఆ రోజు కడుపునిండా తింటాను. దానికీ నీకూ సంబంధం లేదు. ఆ రెంటినీ కలపకుండా ఉండాల్సింది, కలిపాను. ఎందుకమ్మకు నువ్వు చెప్పింది తప్పని చెప్పు. మా అత్తయ్యకు తెలుసు, తెలిసే చేసిందని చెప్పు. అడిగినన్నిసార్లూ చెప్పు.

నువ్వు నాకు ఉత్తరాలు రాయకపోయినా నేనేమీ అనుకోను. రాస్తే మాత్రం ఒక్కటి విడిచిపెట్టు. నా ఉత్తరం మీ పెద్ద టీచరమ్మ ఆయనకు చూపిస్తుంది, చూపించాలి కూడా. చదువుతూ ఆయన నవ్వుతాడు. నువ్వు ఆ గదిలోనే ఉంటావు. అది నాకు రాయకు.

అత్తయ్య